సెలవులొస్తున్నాయంటే నాకు టెన్షన్

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. సెలవుల కోసం నెల ముందు నుంచీ ఎదురుచూస్తాను, తీరా వచ్చాక ఒక్క పూట కూడా విశ్రాంతి దొరకదు. ఇంటికి చుట్టాలొస్తారు, లేదంటే మేమే ఎక్కడికైనా బయల్దేరతాం. మధ్యలో ఆఫీసు మెసేజ్‌లు. పోయినసారి మొదటిరోజే తలనొప్పి, మర్నాటికి జలుబు, ఆ మర్నాడు మా ఆడపడుచు పిల్లల ముందు మా పెద్దాడి మీద గట్టిగా అరిచేసి, బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. మావారేమో "సెలవులే కదా, కాస్త రిలాక్స్ అవ్వు" అంటారు. ఎలా అవ్వాలో తెలిస్తే అవ్వనా? ఇంకొన్నాళ్లలో పది రోజుల సెలవులు వస్తున్నాయి, ఇప్పటినుంచే గుండె దడ. ఖర్చు లేని తేలికైన మార్గాలేమైనా చెప్పండి. మెడిటేషన్ యాప్ ఒకటి డబ్బు కట్టి తీసుకుందామనుకుంటున్నాను, పనికొస్తుందా? (పేరు వేయకండి.)

జవాబు: ముందుగా, మీలో ఏదో లోపముందని అనుకోవడం మానేయండి. సెలవు కూడా మనిషికి ఒత్తిడేనని ఎప్పుడో రాసిపెట్టారు. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ సైకియాట్రిస్టులు జీవితంలో మనిషిని కుదిపేసే 43 ఘటనల జాబితా తయారుచేసి ఒక్కోదానికి మార్కులిచ్చారు. జీవిత భాగస్వామి చనిపోతే 100. ఆ జాబితాలో కింద, చివరికి దగ్గర్లో, సెలవులకి 13, క్రిస్మస్‌కి 12 మార్కులున్నాయి. వాటి తర్వాత చిట్టచివరిది చిన్నాచితకా చట్ట ఉల్లంఘన, దానికి 11. అంటే రూలు తప్పి పట్టుబడిన దానికన్నా సెలవే రెండు మార్కులు ఎక్కువ, నవ్వొచ్చినా లెక్క అదే. రోజూ నడిచే పద్ధతి ఒక్కసారిగా మారిపోతుంది, నిద్ర వేళలు మారతాయి, ఇంట్లో మనుషులు పెరుగుతారు, ఖర్చు పెరుగుతుంది, పైగా "ఈ పది రోజులూ సంతోషంగా ఉండి తీరాలి" అని అందరూ మన మొహం వంక చూస్తుంటారు. ఇంతకన్నా ఏం కావాలి టెన్షన్ రావడానికి?

మొదటిరోజు తలనొప్పి, మర్నాడు జలుబు అన్నారు చూడండి, దానికి కూడా పేరుంది. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ యూనివర్సిటీ సైకాలజిస్టు యాడ్ వింగర్‌హూట్స్ దాన్ని లీజర్ సిక్‌నెస్ అన్నాడు. పని దినాల్లో బాగానే ఉండి, సెలవు పెట్టగానే మంచమెక్కే మనుషులుంటారు, వాళ్లలో ఎక్కువమంది పనిభారం మోస్తూ పనిలోంచి బయటపడలేనివాళ్లే అని ఆయన గమనించాడు. వారమంతా బిగబట్టి ఉన్న ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయినప్పుడు మైగ్రేన్ రావడం కూడా డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. దీనికి తోడు కాఫీ ఒకటి. ఆఫీసులో వేళకి తాగే కాఫీ సెలవురోజు ఆలస్యమైనా, మానేసినా, అలవాటుపడ్డ వాళ్లకి తలనొప్పి మొదలవుతుంది. కాబట్టి మీకు కాఫీ అలవాటుంటే సెలవు రోజుల్లో కూడా అదే వేళకి తాగండి, సాయంత్రం పొద్దుపోయాక మాత్రం వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది, ఇక రాత్రికి నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు తేలికైన మార్గాలు అడిగారు, అడిగినవి కిందకి వస్తాయి, కానీ ముందు ఒక మాట వినండి. రిలాక్స్ అవడానికి మనం ఎప్పుడూ కొత్తగా ఒకటి చేరుస్తాం: పొద్దున్నే యోగా, రాత్రి డైరీ, మధ్యలో నడక, ఒక యాప్. ఇప్పటికే ఊపిరి సలపని రోజులో అవి ఇంకో నాలుగు పనులై కూర్చుంటాయి, చేయలేకపోతే ఆ చేయలేదన్న బాధ అదనం. మీ పది రోజుల్లోంచి మొదట కొన్ని తీసేయాలి. తీసేసిన చోటులోనే విశ్రాంతి పడుతుంది, లేకపోతే ఎంత మంచి చిట్కా అయినా ఎక్కడ పెట్టుకుంటారు?

మొదట తీసేయాల్సింది మొదటి రెండు రోజుల ప్రోగ్రాములు. ఆఫీసు చివరిరోజు రాత్రే బట్టలు సర్దుకుని తెల్లవారుజామున బండెక్కడం, లేదా సెలవు మొదటి ఉదయమే చుట్టాలు దిగడం, ఇది చాలామంది చేసే పని, ఆ వేగంలో ఉన్న ఒళ్ళు ఒక్క రాత్రిలో నెమ్మదించదు. మీ చుట్టాలు మూడోరోజు వచ్చేలా చూసుకోండి. "ఆ రెండు రోజులూ నాకు పని ఉంది అక్కా, మూడోరోజు రండి, తీరిగ్గా కూర్చుందాం" అనండి, అందులో అబద్ధం లేదు, నిద్రపోవడం మీకున్న పని. వెళ్లేది ఎప్పుడో కూడా ముందే తెలిసి ఉండాలి. ఎప్పుడు వెళ్తారని అడగడానికి మనకి మొహమాటం, అదే "తిరుగు టికెట్లు ఏ రోజుకి తీసుకున్నారు?" అంటే ఎవరూ ఏమీ అనుకోరు, పైగా మనమేదో శ్రద్ధగా కనుక్కున్నట్టుంటుంది.

రెండోది, ఇంటి బాధ్యత. మీ ఉత్తరంలో ఎక్కడా మీరు ఈ మాట అనలేదుగానీ నాకు కనిపించింది అదే. చుట్టాలొచ్చినప్పుడు ఒళ్ళు హూనమయ్యేది చాకిరీ వల్లే అనుకుంటాం, చాకిరీ సగమే. మిగతా సగం, అన్నీ ఒక్క బుర్రలో మోయడం. దుప్పట్లు ఎన్ని ఉన్నాయి, ఎవరు ముందు స్నానానికి వెళ్లాలి, నీళ్లు సరిపోతాయా, పెద్దాయన మందులు వేసుకున్నారా, చిన్నది ఎందుకు అలిగింది, రేపు ఎవరు ఎవరిని ఎక్కించి రావాలి. మీరు కుర్చీలో కూర్చునే ఉంటారు, చేతిలో ఏ పనీ ఉండదు, అయినా ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా పిలిచేది మీ పేరే. బయటినుంచి చూసేవాళ్లకి మీరు ఖాళీగా కూర్చున్నట్టే ఉంటుంది, "రిలాక్స్ అవ్వు" అన్న మాట అక్కడినుంచే వస్తుంది.

మీవారు చెడ్డమనిషని నేననుకోను. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అనే రకం అయ్యుంటారు, ఆ చెప్పడమే పెద్ద పని అని ఆయనకి తెలియదు, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కాబట్టి అడగండి, అయితే సాయం అడగొద్దు. పనిని పనిగా, గుర్తుపెట్టుకునే బాధ్యతతో సహా, అప్పజెప్పేయండి. సెలవులకి ఒక వారం ముందు, ఇల్లు ప్రశాంతంగా ఉన్న పూట చూసి, "ఈ పది రోజులూ పక్కలు, స్నానాల వంతులు, సాయంత్రం పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం మీవి. నన్ను అడక్కండి, మీకు తోచినట్టు చేయండి, ఎలా చేసినా నేనేమీ అనను" అని చెప్పండి. ఇక్కడ కష్టమైన భాగం ఆ చివరి మాట నిలబెట్టుకోవడం. ఆయన దుప్పటి మడత తేడాగా పెడతారు. పిల్లలు స్నానం చేయకుండా మధ్యాహ్నం దాకా తిరుగుతారు. మీ చెయ్యి దురద పెడుతుంది. వెళ్లి సరిచేశారంటే ఆ పని మళ్లీ మీ నెత్తిమీదకి వచ్చినట్టే, ఈసారి శాశ్వతంగా.

పిల్లలకి, వచ్చిన చుట్టాలకి కూడా పని చెప్పండి. ఆ ఇంట్లో ఊరికే కూర్చుని పెట్టించుకోవడం వాళ్లకీ ఇబ్బందిగానే ఉంటుంది, చాలాసార్లు "నేను చేస్తాను వదినా" అని లేచేది నిజంగా చేద్దామనే, మనమే మర్యాదకి "అయ్యో వద్దు వద్దు" అంటాం. ఈసారి "సరే, ఇది నువ్వు చూసుకో" అని ఆ గది దాటి వచ్చేయండి.

ఇంకొకటి, రోజులో ఒక గంట తలుపు వేసుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అనుకుందాం. చుట్టాలొచ్చిన మొదటిరోజే మామూలు గొంతుతో "నేను రోజూ ఈ వేళకి కాసేపు పడుకుంటాను" అని ప్రకటించేయండి, పర్మిషన్ అడిగినట్టు వద్దు, క్షమాపణ అడిగినట్టు అసలే వద్దు. మొదటిరోజు చెబితే అది ఆ ఇంటి పద్ధతి అవుతుంది, నాలుగోరోజు చిరాకుపడి తలుపేసుకుంటే అలక అవుతుంది. ఏమైనా అనుకుంటారేమో అని భయం వద్దు. పొద్దున్నుంచీ మొహాన నవ్వు పెట్టుకుని కూర్చున్న చుట్టానికి కూడా, మీరు లోపలికి వెళ్తే కాసేపు కాళ్లు చాపుకునే అవకాశం దొరుకుతుంది.

ఆ గంటలో ఏం చేయాలో చెబుతాను. ఫోను బయటి గదిలో వదిలేసి వెళ్లండి. పడుకుని, ఒక్కసారి మీ పళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. పైవరస, కిందివరస తాకి ఉన్నాయా? నోరు మూసి ఉన్నా, నమలనప్పుడు మాట్లాడనప్పుడు అవి ఒకదానికొకటి తాకకుండా ఉండాలి. తాకి ఉన్నాయంటే దవడ బిగించారన్నమాట, దవడ బిగిస్తే మెడ బిగుస్తుంది, భుజాలు చెవులవైపు లేచి ఉంటాయి, మనకి తెలియనే తెలియదు. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికన్ డాక్టరు 1920లలోనే దీనికొక పద్ధతి చెప్పాడు. వదిలేయ్ అంటే కండరం వదలదు, ముందు కావాలని బిగించి చూపిస్తే, ఆ తర్వాత వదలడం దానికి తెలుస్తుంది. కుడి పిడికిలి గట్టిగా బిగించండి, ఐదారు సెకన్లు. వేళ్ల కీళ్లు తెల్లబడతాయి, ముంజేతి దాకా లాగినట్టు ఉంటుంది. ఇప్పుడు ఒక్కసారిగా వదిలేసి ఒక ఇరవై సెకన్లు ఏమీ చేయకుండా, చెయ్యి బరువెక్కి కొంచెం వెచ్చబడటం గమనించండి. తర్వాత ఎడమచెయ్యి, భుజాలు పైకెత్తి వదలడం, మొహమంతా ముడిచి వదలడం, పొట్ట, తొడలు, పాదాలు. ఎక్కడైనా నొప్పో, దెబ్బో ఉంటే ఆ భాగం వదిలేయండి. పాదాల దాకా వెళ్లకుండానే నిద్ర పట్టేస్తే ఇంకా మంచిది, అయితే మధ్యాహ్నం నిద్ర ఓ అరగంట దాటనివ్వకండి, దాటితే లేచాక తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది.

ఇది గదిలో చేసేది. పదిమంది మధ్యలో ఉన్నప్పుడు, ఆ అరుపు గొంతు దాకా వచ్చేసినప్పుడు, పనికొచ్చేది ఊపిరి. "గట్టిగా ఊపిరి తీసుకో" అని అందరూ అంటారు, అందులో సగం తప్పుంది. గబగబా గట్టిగా పీలిస్తే కళ్లు తిరుగుతాయి. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కాస్త వేగంగా, బయటికి వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, అది గుండె సహజ లక్షణం. అందుకని మనకి కావలసింది వదలడం. ముక్కుతో పీల్చండి, ఊపిరి నిండిందనిపించాక పైన ఇంకొక చిన్న గుటక పీల్చండి, ఇప్పుడు నోటితో నెమ్మదిగా, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వదలండి. కూరలు కలుపుతూ, గిన్నెలు కడుగుతూ, ఎవరో ఏదో కథ చెబుతుంటే తలూపుతూ కూడా చేయొచ్చు, ఎదుటివాళ్లకి నిట్టూర్చినట్టు అనిపిస్తుంది, అంతకుమించి తెలియదు.

అరిచేశారు కాబట్టి పెద్దాడి సంగతి. పిల్లల మీద ఎప్పుడూ అరవని తల్లి నాకు ఇప్పటిదాకా తారసపడలేదు. అరిచాక ఏం చేస్తామన్నదే పిల్లలకి గుర్తుండేది. వాడు ఒక్కడే ఉన్నప్పుడు పక్కన కూర్చుని "ఆ రోజు అందరి ముందు అలా అరిచి ఉండకూడదు, నాకు బాగా అలసటగా ఉండింది, అది నీ వల్ల కాదు" అని చెప్పండి. దీని తర్వాత "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకండి. వాడి అల్లరి గురించి ఇంకోరోజు మాట్లాడుకోవచ్చు.

ఆఫీసు మెసేజ్‌లకి వద్దాం. అసలు చూడొద్దు అని చెప్పడం తేలిక, మీ ఉద్యోగం మీది. నేను చెప్పేది సెలవుకి ముందురోజు చేయాల్సిన పని. బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు 1927లోనే గమనించింది, పూర్తయిన పని కన్నా మధ్యలో ఆగిపోయిన పనే మనసులో ఎక్కువ తిరుగుతుంది. మంచి సంగతేంటంటే, 2011లో వచ్చిన ప్రయోగాల్లో తేలింది, ఆ తిరగడం ఆగాలంటే పని పూర్తవనక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా ప్లాన్ చేసుకున్నా చాలు. కాబట్టి చివరిరోజు ఆఖరి అరగంట ఇంకో పని మొదలుపెట్టకుండా, మిగిలినవన్నీ ఒక కాగితం మీద పెట్టండి: ఏది ఎక్కడ ఆగింది, వచ్చాక ఏ రోజు ముందు ఏ చిన్న అడుగు వేయాలి, ఈలోగా ఎవరిని అడగాలి. "రిపోర్టు చూడాలి" అని రాస్తే లాభం లేదు. "సోమవారం పొద్దున్నే రిపోర్టు మూడో భాగంలో అంకెలు సరిచూడాలి" అని రాయండి. ఆ కాగితం ఆఫీసు డ్రాయర్లోనే వదిలేయండి. తప్పనిసరిగా మెసేజ్‌లు చూడాల్సిన ఉద్యోగమైతే రోజుకి ఒక్కసారి, ఒకే వేళకి, కూర్చుని చూసి జవాబిచ్చేయండి. మంచంమీంచి లేవకుండానే మాత్రం చూడకండి, పొద్దున్నే చూసిన ఒక్క లైను రోజంతా వెంటాడుతుంది.

నిద్ర గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఎంత పొద్దుపోయి పడుకున్నా రోజూ లేచే వేళకి ఓ గంట అటూఇటూగా లేవండి, లేచాక కాసేపు బయట వెలుతురులో నిలబడండి, చాలు. సెలవుల్లో రెండు మూడు గంటలు ఆలస్యంగా లేచేవాళ్ల ఒళ్ళు, ఎక్కడికీ కదలకుండానే దూరదేశం వెళ్లొచ్చినట్టు తికమకపడుతుంది, మళ్లీ ఆఫీసు తెరిచిన రోజు దాని ఫలితం తెలుస్తుంది.

ప్రయాణం పెట్టుకునే ఏడాది అయితే ఇంకో మాట. నెదర్లాండ్స్‌లో పదిహేను వందల మందికి పైగా పెద్దవాళ్లని గమనించి 2010లో ఒక అధ్యయనం వేశారు. టూర్‌కి వెళ్లబోయేవాళ్లు వెళ్లేముందు మిగతావాళ్లకన్నా సంతోషంగా ఉన్నారు, తిరిగొచ్చాక మాత్రం వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ పెద్ద తేడా లేదు. కాస్త తేడా కనిపించింది చాలా రిలాక్స్‌డ్‌గా గడిపామని చెప్పినవాళ్లలోనే. నాకైతే దీన్నిబట్టి అనిపించేది, ఐదు రోజుల్లో తొమ్మిది చోట్లు చూసే టూర్ కన్నా ఒకేచోట మూడు రోజులు నిద్రపోయి రావడం మేలని. పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి, మర్నాటికి వాళ్లే ఏదో ఆట కనిపెట్టుకుంటారు. ఎటు వెళ్లినా ఆఫీసుకి ఒకరోజు ముందే ఇల్లు చేరండి, ఉతకాల్సిన బట్టల కుప్ప మధ్యలోంచి సరాసరి మీటింగ్‌కి పరిగెత్తే పరిస్థితి ఉండదు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గుండె దడ అన్నారు. సెలవుల గురించి ఆలోచించినప్పుడే వస్తుంటే అది టెన్షనే అయ్యుండొచ్చు, అయినా ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే రక్తహీనత, థైరాయిడ్ లాంటివి ఏమైనా ఉన్నాయేమో తేలిపోతుంది. గుండెలో నొప్పి, ఆయాసం తోడైతే అసలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి. సెలవులైపోయాక కూడా రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే ఊపిరి కసరత్తులతో సరిపెట్టుకోకుండా సైకియాట్రిస్టునో కౌన్సెలర్‌నో కలవండి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆరోజే ఇంట్లో ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక యాప్. కొనకండి. పైన చెప్పానే, రెండుసార్లు పీల్చి నెమ్మదిగా వదిలే ఊపిరి, దాన్ని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒక నెలపాటు రోజుకి ఐదు నిమిషాలు జనం చేత చేయించి, అంతే సేపు ధ్యానం చేసినవాళ్లతో పోల్చి 2023లో ప్రచురించారు. మనసు తేలికపడటంలో ఊపిరివాళ్లే ముందున్నారు. దానికి చందా లేదు, లాగిన్ లేదు, "మీరు మూడు రోజుల నుంచి ధ్యానం చేయలేదు" అని రాత్రి తొమ్మిదింటికి గుర్తుచేసే నోటిఫికేషన్ అసలే లేదు. అయినా ఎవరో ఒకరి గొంతు వినిపిస్తేనే మీకు కుదురుతుంది అంటే, డబ్బు కట్టనక్కర్లేనివి బోలెడున్నాయి, వాటిలో ఒకటి సెలవులకి ముందే ఓ వారం వాడి చూడండి. పోయినసారిలా తలనొప్పి మొదలయ్యాక కొత్తది నేర్చుకోవడం ఎవరివల్లా కాదు.